విండోస్ మళ్ళీ ఎక్కిద్దామంటే హార్డ్‌డిస్కే కనబడటం లేదు (కొట్టు లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి)

నిజాంఅంచు | 14వ తేదీ, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మంగళగిరిలో మా మావయ్యకు చేనేత చీరల కొట్టు ఉంది. కొట్టు ల్యాప్‌టాప్ మొన్న విండోస్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయింది. అప్పటి నుంచి నీలం స్క్రీన్ రావడం, దానంతట అదే రీస్టార్ట్ అవడం, మళ్ళీ నీలం స్క్రీన్. రిపేర్ ఆప్షన్లన్నీ చూశాను, పని చేయలేదు.

సరే, కొత్తగా విండోస్ 11 ఎక్కిద్దామని మా ఫ్రెండ్ సిస్టమ్‌లో పెన్‌డ్రైవ్ తయారు చేసుకొచ్చాను. సెటప్ బాగానే మొదలైంది. కానీ ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి అని అడిగే చోట లిస్ట్ మొత్తం ఖాళీ. డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ లోడ్ చేయండి అంటోంది. పెన్‌డ్రైవ్ మార్చి చూశాను, పోర్టు మార్చి చూశాను. అదే మాట.

ఇక్కడ ఒక రిపేర్ షాపులో చూపిస్తే రెండు నిమిషాల్లో "హార్డ్‌డిస్క్ పోయింది, కొత్తది వేయాలి, 4,800 అవుతుంది" అన్నారు. పాత డేటా సంగతి అడిగితే రాదన్నారు. ట్యాలీలో మూడేళ్ళ లెక్కలున్నాయి. 20వ తేదీలోపు జీఎస్టీ 3బీ రిటర్న్ వేయాలి. మావయ్య రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. నిజంగా డిస్క్ పోయినట్టేనా? ఎవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కాకినాడకుర్రాడు | రాత్రి 9:20

డిస్క్ పోయే ఉంటుంది బ్రో. నాకూ ఇలాగే అయింది, కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని రకం డిస్క్) వేయించాక సెట్ అయింది.

రాత్రిషిఫ్ట్ | రాత్రి 9:31

నిజాంఅంచు గారూ, కంగారు పడకండి. కొత్త డిస్క్ కొనకండి. ముందు మూడు విషయాలు చెప్పండి. ల్యాప్‌టాప్ ఏ సంవత్సరం కొన్నారు? ప్రాసెసర్ ఏది? బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే తెరుచుకునే, మెషీన్ సొంత సెట్టింగ్‌ల పేజీ) వెళ్ళి చూస్తే అక్కడ డిస్క్ పేరు, సైజు కనబడుతున్నాయా?

ఈ మూడోదే అసలు ప్రశ్న. విండోస్ సెటప్‌కు డిస్క్ కనబడకపోవడం వేరు, మెషీన్‌కే కనబడకపోవడం వేరు. బయోస్‌లో డిస్క్ పేరు ఉందంటే అది కరెంటు తీసుకుంటోంది, మదర్‌బోర్డుతో మాట్లాడుతోంది అని అర్థం. అక్కడ కూడా లేకపోతేనే డిస్క్ వదులైందా, పోయిందా అని ఆలోచించాలి. షాపులో ఆ పేజీ తెరిచి చూశారా?

నిజాంఅంచు | రాత్రి 9:58

షాపులో బయోస్ చూడలేదండీ. సెటప్ స్క్రీన్ చూసి చెప్పేశారు.

ఇప్పుడు ఎఫ్2 నొక్కి వెళ్ళాను. ఇన్ఫర్మేషన్ పేజీలో ఒక ఎస్‌ఎస్‌డీ పేరు, పక్కన 512 జీబీ అని ఉంది! ల్యాప్‌టాప్ 2022లో కొన్నది, ఇంటెల్ ఐ5, పన్నెండో తరం. మోడల్ నంబర్ మీకు మెసేజ్‌లో పంపాను.

రాత్రిషిఫ్ట్ | రాత్రి 10:15

అయితే మీ డిస్క్ బతికే ఉంది. మావయ్య గారికి ఈ ముక్క ఇప్పుడే చెప్పండి.

జరుగుతున్నది ఏమిటంటే: ఇంటెల్ పదకొండో తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఒక ఏర్పాటు ఆన్ చేసి పంపుతున్నారు. వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్ అంటారు. అంతకుముందు ఇది సర్వర్లలో ఉండేది. మామూలుగా ఎస్‌ఎస్‌డీ నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనబడుతుంది. వీఎండీ ఆన్‌లో ఉంటే డిస్క్ దాని చాటున ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ముందు వీఎండీతో మాట్లాడాలి, అది డిస్క్‌ను చూపించాలి. ఆ మాటలు తెలిసిన డ్రైవర్ (పరికరాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) పేరు ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ, అంటే రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ. కంపెనీ వేసిచ్చిన విండోస్‌లో ఆ డ్రైవర్ ముందే ఉంటుంది. మీరు మైక్రోసాఫ్ట్ నుంచి దించుకున్న పెన్‌డ్రైవ్‌లో అది లేదు. అందుకే లిస్ట్ ఖాళీ.

దారులు రెండున్నాయి. బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేయడం ఒకటి. ఆన్‌లోనే ఉంచి, సెటప్ అడిగినప్పుడు డ్రైవర్ అందించడం రెండోది. ఏది చేసినా ముందు డేటా బయటికి తీయాలి. అది అయ్యేదాకా ఫార్మాట్ మాట వద్దు.

సీటీసీపాతకాపు | రాత్రి 10:40

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఇరవై ఏళ్ళుగా రిపేర్ పని చేస్తున్నాను. రాత్రిషిఫ్ట్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నా దగ్గరికి "డిస్క్ పోయింది" అని తెచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి జబ్బు ఇదే. తమ్ముడూ, వీఎండీ ఆఫ్ చేసెయ్. అడ్వాన్స్‌డ్‌లోనో, మెయిన్‌లోనో వీఎండీ కంట్రోలర్ అని ఉంటుంది. ఏసర్‌వాటిలో మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేనే ఆ లైను బయటపడుతుంది, అది తెలియక చాలామంది వెతికి వెతికి వదిలేస్తారు. ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌లో ఒక్కటే ఎస్‌ఎస్‌డీ ఉన్నప్పుడు వీఎండీతో ఒరిగేదేమీ లేదు.

నిజాంఅంచు | రాత్రి 11:05

అన్నా, మీరు చెప్పినట్టే ఆఫ్ చేశాను. సెటప్ మళ్ళీ పెడితే డిస్క్ కనబడింది!! డ్రైవ్ 0, నాలుగు పార్టిషన్లు (డిస్క్‌లో విడివిడి భాగాలు), పెద్దది 475 జీబీ పైన. ఇప్పుడు ఏం చేయాలి? ఆ పెద్దదాన్ని సెలెక్ట్ చేసి నెక్స్ట్ కొట్టనా?

రాత్రిషిఫ్ట్ | రాత్రి 11:07

వద్దు. ఏమీ నొక్కకండి. సెటప్ మూసేసి మెషీన్ ఆపండి.

లినక్స్‌టీచర్ | రాత్రి 11:26

నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతాను. ఇక్కడి నుంచి మెల్లగా వెళ్దాం బాబూ, తొందరేమీ లేదు.

ఉబుంటు 24.04 (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే లినక్స్ సిస్టమ్) దించుకుని ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేయండి. 8 జీబీది సరిపోతుంది. దాంతో బూట్ చేస్తే ఇన్‌స్టాల్ చేయాలా, ఊరికే చూస్తారా అని అడుగుతుంది. ఊరికే చూస్తానని చెప్పండి. అప్పుడు అది పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, మీరు చెబితే తప్ప మీ డిస్క్‌లో ఏమీ రాయదు. ఫైల్స్ తెరిస్తే ఎడమవైపు మీ పార్టిషన్ కనబడుతుంది. దాన్ని తెరిచి కావలసినవన్నీ ఒక బయటి హార్డ్‌డిస్క్‌కు కాపీ చేసుకోండి.

ట్యాలీ గురించి ఒక ముఖ్యమైన మాట. అందరూ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసి అయిపోయిందనుకుంటారు. ట్యాలీ లెక్కలు మామూలుగా అక్కడ ఉండవు. ట్యాలీ ఎక్కడ ఇన్‌స్టాల్ చేశారో ఆ ఫోల్డర్‌లోనో, యూజర్స్‌లో పబ్లిక్ కిందనో డేటా అనే ఫోల్డర్ ఉంటుంది. దాని లోపల 10000, 100000 లాంటి అంకెల పేర్లతో ఫోల్డర్లుంటాయి. ఒక్కో ఫోల్డర్ ఒక్కో కంపెనీ (ట్యాలీలో ఒక్కో లెక్కల పుస్తకాన్ని అలా అంటారు). ఆ డేటా ఫోల్డర్‌ను మొత్తంగా తీసుకోండి, లోపలి ఫైళ్ళు ఏరుకోకండి. మా తమ్ముడి ఎరువుల షాపులో ఇదే పొరపాటు జరిగి ఒక ఏడాది లెక్కలు బిల్లు పుస్తకాలు ముందు పెట్టుకుని తిరిగి ఎక్కించాల్సి వచ్చింది. ఆ నెల రోజులు వాళ్ళు పడ్డ బాధ నేను దగ్గరుండి చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నిజాంఅంచు | 15వ తేదీ, ఉదయం 8:50

టీచర్ గారూ, ఉబుంటు వచ్చింది. డిస్క్ కూడా కనబడింది. కానీ పెద్ద పార్టిషన్ నొక్కితే తాళం బొమ్మ చూపించి పాస్‌వర్డ్ అడుగుతోంది. మావయ్య లాగిన్ పిన్ కొడితే తీసుకోవడం లేదు. మేమెప్పుడూ ఏ పాస్‌వర్డూ పెట్టలేదు.

రాత్రిషిఫ్ట్ | ఉదయం 9:04

అది బిట్‌లాకర్. నాకు భయంగా ఉన్నది దీని గురించే. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తాళం దానంతట అదే పడిపోతుంది. వాడేవాళ్ళకు తెలియను కూడా తెలియదు. రోజూ మెషీనే తాళం తీసి ఇస్తుంది కాబట్టి ఏమీ అడగదు. ఇలా బయటి నుంచి తెరవబోతేనో, బయోస్ సెట్టింగ్ మార్చితేనో అడుగుతుంది.

దీనికి లాగిన్ పిన్ పనికిరాదు. 48 అంకెల రికవరీ కీ కావాలి. ల్యాప్‌టాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఏ ఈమెయిల్ ఇచ్చారో ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో అది దాచి ఉంటుంది. ఆ అకౌంట్‌తో లాగిన్ అయి డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ కింద బిట్‌లాకర్ రికవరీ కీ చూడండి. అది దొరకకపోతే మాత్రం ఏ షాపువాళ్ళూ, ఏ సాఫ్ట్‌వేరూ ఆ డేటా తీయలేరు. తీస్తామని డబ్బులడిగితే నమ్మకండి.

నిజాంఅంచు | ఉదయం 9:30

మావయ్య ఈమెయిల్‌తో చూశాను, అక్కడ ఏ ల్యాప్‌టాపూ లేదు. అసలు ఆయన ఈమెయిల్ ఇచ్చిన గుర్తే లేదంటున్నారు. చేతులు ఆడటం లేదండీ.

సీటీసీపాతకాపు | ఉదయం 9:41

తమ్ముడూ, ఆగు. కొన్న రోజు ఆ ల్యాప్‌టాప్ మొదటిసారి ఎవరు ఆన్ చేశారో అడుగు. చాలా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కొంటారు, పిల్లలు సెట్ చేసి ఇస్తారు. ఆ పిల్లల ఈమెయిలే ఉంటుంది. లేదంటే అమ్మిన షాపు కుర్రాడు తనది పెట్టి ఉంటాడు. ఒక్కొక్కరినీ అడుగు.

నిజాంఅంచు | మధ్యాహ్నం 1:15

దొరికింది!!! మా బావ, అంటే మావయ్య కొడుకు, హైదరాబాద్‌లో ఉంటాడు. కొన్న రోజు దసరా సెలవులకు వచ్చి తనే సెట్ చేశాడట. అతని అకౌంట్‌లో కీ ఉంది. ఫోన్‌లో ఒక్కో ఆరు అంకెలూ చదువుతుంటే అత్తయ్య కాగితం మీద రాసింది, నేను మళ్ళీ చదివి వినిపించాను. మధ్యలో గీతలతో సహా కొట్టాను. తాళం తెరుచుకుంది. డేటా ఫోల్డర్‌లో అంకెల పేర్లతో మూడు ఫోల్డర్లున్నాయి. ఫ్రెండ్ దగ్గర తెచ్చిన 1 టీబీ డిస్క్‌కు అన్నీ కాపీ అవుతున్నాయి.

లినక్స్‌టీచర్ | మధ్యాహ్నం 1:22

చాలా సంతోషం బాబూ. కాపీ అయ్యాక ఆ బయటి డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడండి. ఫోల్డర్ సైజు ఇక్కడా అక్కడా ఒకటేనా అన్నది కూడా చూడండి. చూశాకే తర్వాతి పని.

డిగ్రీఫైనలియర్ | మధ్యాహ్నం 2:05

నాదీ ఇలాంటిదే, ఇక్కడే అడగవచ్చా? పాత ల్యాప్‌టాప్, 1 టీబీ హార్డ్‌డిస్క్. విండోస్ సెటప్‌లో ఒకసారి కనబడుతుంది, ఒకసారి కనబడదు. లోపల టక్ టక్ అని శబ్దం వస్తోంది. చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ ప్రోగ్రామ్) నడపమంటారా?

సీటీసీపాతకాపు | మధ్యాహ్నం 2:20

నడపొద్దు. నీది వేరే కథ, దానికి ఈ వీఎండీకి సంబంధం లేదు. తిరిగే పళ్ళెం ఉన్న డిస్క్‌లో అలాంటి శబ్దం వస్తే లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిందేమోనని అనుమానించాలి. అలాంటి డిస్క్‌కు చెక్‌డిస్క్ పెడితే మూల మూలా చదివించి మరింత పాడు చేస్తుంది. ఇప్పుడే ఆపెయ్, మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడకు. లోపల ప్రాణంతో సమానమైన ఫైళ్ళుంటే డేటా రికవరీ చేసేవాళ్ళకే ఇవ్వు. లేకపోతే కొత్త ఎస్‌ఎస్‌డీ కొనుక్కో, పాత ల్యాప్‌టాప్ కాబట్టి 2.5 అంగుళాల సాటా రకం పట్టవచ్చు, విప్పి చూసి కొను.

నిజాంఅంచు | సాయంత్రం 5:40

టీచర్ గారూ, వేరే సిస్టమ్‌లో చూశాను, సైజులు సరిపోయాయి. ఇప్పుడు విండోస్ ఎక్కించాలి. వీఎండీ ఆఫ్‌లోనే ఉంది. అలాగే ఉంచి ఎక్కించనా?

రాత్రిషిఫ్ట్ | సాయంత్రం 6:10

ఇక్కడ పాతకాపు అన్నతో నాకు చిన్న తేడా ఉంది. నా మాట: కంపెనీ ఆన్ చేసి పంపింది కాబట్టి ఆన్‌లోనే ఉంచండి, డ్రైవర్ ఇచ్చి ఎక్కించండి.

కారణం ఇది. వీఎండీ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎక్కించిన విండోస్ ఆ ఏర్పాటుకే అలవాటు పడుతుంది. రేపు బయోస్ అప్‌డేట్ వల్లో, ఎవరో రీసెట్ కొట్టడం వల్లో సెట్టింగ్‌లు ఫ్యాక్టరీ స్థితికి వస్తే వీఎండీ మళ్ళీ ఆన్ అవుతుంది. అప్పుడు విండోస్‌కు తన డిస్కే దొరకదు. ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలం స్క్రీన్ వస్తుంది. కొట్టులో మావయ్య గారు ఒక్కరే ఉన్నప్పుడు అలా జరిగితే ఆయనకు ఏమీ పాలుపోదు.

సీటీసీపాతకాపు | సాయంత్రం 6:25

నేను ఆఫ్ చేయమనేది ఎందుకంటే తర్వాత ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా డిస్క్ కనబడుతుంది, ఏ ఊళ్ళో ఏ కుర్రాడైనా బాగు చేయగలడు. అయినా కొట్టు మెషీన్ కాబట్టి నువ్వన్నది కూడా సబబే. తమ్ముడికి డ్రైవర్ పని చేతనైతే అలాగే చేయనీ.

నిజాంఅంచు | సాయంత్రం 7:50

వీఎండీ మళ్ళీ ఆన్ చేశాను. ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మోడల్ నంబర్ కొట్టి ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దించాను. పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ డ్రైవర్ నొక్కితే సంతకం ఉన్న డ్రైవర్లేవీ దొరకలేదు అంటోంది. తప్పు డ్రైవరా?

రాత్రిషిఫ్ట్ | సాయంత్రం 7:58

మీరు పెట్టింది ఒక్కటే ఈఎక్స్‌ఈ ఫైలు కదా? సెటప్‌కు అది పనికిరాదు. దాని లోపలున్న అసలు డ్రైవర్ ఫైళ్ళు (ఐఎన్‌ఎఫ్, సిస్, క్యాట్ రకాలవి) విడిగా కావాలి.

ఫైలు పేరు సెటప్‌ఆర్‌ఎస్‌టీ అని ఉంటే, ఫ్రెండ్ కంప్యూటర్‌లో అది ఉన్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఫైలు పేరు కొట్టి, ఖాళీ వదిలి, ఒక చిన్న గీత, గీతకు ఆనుకుని ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని, మళ్ళీ ఖాళీ, తర్వాత ఎక్కడ విప్పాలో ఆ ఫోల్డర్ దారి. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఎక్స్‌ట్రాక్ట్ డ్రైవర్స్ మధ్య ఖాళీ లేకుండా. వేరే పేరుతో ఉన్న ప్యాకేజీ అయితే సెవెన్‌జిప్‌తో విప్పి చూడండి. విప్పిన ఫోల్డర్‌లో ఐఏస్టార్‌వీడీ అనే ఐఎన్‌ఎఫ్ ఫైలుంటే సరైనదే. ఆ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసి, లోడ్ డ్రైవర్‌లో దాన్ని చూపించండి.

నిజాంఅంచు | రాత్రి 8:47

వచ్చింది! ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ 467ఎఫ్ అని ఒక లైను వచ్చింది, సెలెక్ట్ చేసి నెక్స్ట్ కొడితే పది సెకన్లలో డ్రైవ్ 0 కనబడింది. పార్టిషన్లు అన్నీ డిలీట్ చేయవచ్చా?

రాత్రిషిఫ్ట్ | రాత్రి 8:50

డేటా ఉన్న బయటి డిస్క్ ఇంకా తగిలించి ఉందా? ఉంటే ముందు ఊడబీకండి. కాపీ తీసిన డిస్క్‌నే పొరపాటున తుడిచేసినవాళ్ళను చూశాను.

తర్వాత లిస్ట్‌లో సైజు చూసి 476 జీబీ చిల్లర ఉన్న డ్రైవ్‌లోవే డిలీట్ చేయండి. 512 జీబీనే విండోస్ లెక్కలో అలా కనబడుతుంది. మిగిలిన చిన్నది మీ పెన్‌డ్రైవ్, దాన్ని ముట్టుకోకండి. మొత్తం ఖాళీ అయ్యాక ఆ ఖాళీనే సెలెక్ట్ చేసి నెక్స్ట్. కావలసిన పార్టిషన్లు అదే చేసుకుంటుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ కాబట్టి కీ ఏమీ కొట్టక్కర్లేదు, బయోస్‌లోనే ఉంటుంది.

నిజాంఅంచు | రాత్రి 9:35

ఎక్కింది. కానీ నెట్ కావాలంటోంది, వైఫై లిస్ట్ ఖాళీ.

కాకినాడకుర్రాడు | రాత్రి 9:38

ఫోన్‌ను డేటా కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్ బ్రో. నెట్ వస్తుంది, తర్వాత వైఫై డ్రైవర్ కంపెనీ పేజీలో దించుకో. నిన్న తొందరపడి డిస్క్ పోయిందన్నాను, సారీ. నా పాత ఎస్‌ఎస్‌డీ ఇంకా డ్రాయర్‌లోనే ఉంది, రేపు బయటి నుంచి తగిలించే కేసులో పెట్టి చూస్తాను.

నిజాంఅంచు | 17వ తేదీ, మధ్యాహ్నం 12:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. ట్యాలీ ఎక్కించి, లైసెన్స్ సీరియల్ నంబర్‌తో మళ్ళీ యాక్టివేట్ చేసి, డేటా ఫోల్డర్ చూపిస్తే మూడు కంపెనీలూ తెరుచుకున్నాయి. చివరి బిల్లు, అప్‌డేట్ ఆగిపోయిన రోజు మధ్యాహ్నం అమ్మిన రెండు చీరలది కూడా ఉంది. 3బీ ఈరోజు పొద్దున్నే వేసేశాం. మావయ్య మీ అందరి పేర్లూ అడిగారు, ఇక్కడ అసలు పేర్లు ఉండవని చెప్పాను.

ఇప్పుడు లాగిన్ మావయ్య సొంత ఈమెయిల్‌తోనే పెట్టాను. కొత్త రికవరీ కీ ప్రింట్ తీసి, కొట్టు లైసెన్స్ కాగితాలున్న ఫైల్లో పెట్టాం. విప్పిన ఆర్‌ఎస్‌టీ ఫోల్డర్ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, మోడల్ నంబర్ రాసిన చీటీ అంటించి బీరువాలో ఉంచాను.

లినక్స్‌టీచర్ | మధ్యాహ్నం 12:41

ట్యాలీ డేటాకు వారానికోసారి బయటి డిస్క్‌లో బ్యాకప్ తీయడం మావయ్య గారికి మీరే దగ్గరుండి నేర్పించండి బాబూ. శనివారం కొట్టు కట్టేసే ముందు అయితే గుర్తుంటుంది.